మూడు గంపల ఆకు

ఆ ఏడు మా పట్టుపురుగులు నిజంగా రత్నమ్మ ఇచ్చిన ఆకు వల్లే చచ్చాయా అన్న అనుమానం నన్ను ఎనిమిదేళ్ళుగా వదలలేదు. పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, లింగాన్ని అరచేతిలో ఉంచుకుని కూర్చుంటాను. ఆ కాసేపైనా మనసు నిలవాలి కదా. నిలిచేది కాదు. ఆకు అన్ని తట్టలకూ ఒకటే వేశాం. మరి తలుపు వెనక మూలనున్న తట్టలే ముందుగా ఎందుకు పోయాయి? పూజ మధ్యలో ఈ ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చునేది. దేవుణ్ణి అడిగి చూశాను. ఇలాంటివి ఆయన చెప్పడు, మనుషులే చెప్పాలి.

ఈ కథను వారం వారం చదువుతున్నవారికి, రత్నమ్మ ఖాళీ గంపతో మా వాకిట్లో నిలబడ్డ చోట ఆపానని గుర్తుండే ఉంటుంది. కొత్తగా చదివేవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

మా ఇల్లు జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు పోయే రోడ్డు పక్కన ఉంది. ఎకరన్నర మల్బరీ తోట, పెంకుటింట్లో ఒక గది పట్టుపురుగులకు. పెంపకం నేనూ నా భార్య మనోరమా చూసుకుంటాం. మా అమ్మ బస్వమ్మ డెబ్బైకి దగ్గర పడింది. రోడ్డుకు అవతల రత్నమ్మ, ఆమె భర్త పీటర్ ఉంటారు. లారీల టైర్లకు గాలి కొట్టే దుకాణం పీటర్‌ది. మా వైపు అందరికంటే ముందు మల్బరీ నాటిన మనిషి రత్నమ్మే. డెబ్బై ఆరులో మేము మొదటిసారి పురుగులు పెంచినప్పుడు చివరి రోజుల్లో ఆకు చాలలేదు. అమ్మ వెళ్ళి రత్నమ్మను అడిగి మూడు గంపలు తెచ్చింది. మర్నాడు పొద్దెక్కేసరికి పురుగులన్నీ పోయాయి. రత్నమ్మ కన్ను పడిందనీ, ఆమె చేతి ఆకు మంచిది కాదనీ అమ్మ గల్లీలో అన్నది. ఆ మాట కోహీర్ దాకా పాకింది. ఆ తర్వాత రత్నమ్మను ఎవరూ తమ పురుగుల గది గడప తొక్కనివ్వలేదు. ఆమె కూడా పెంపకం మానేసి చెరకు కొట్టే పనికి పోయింది.

ఎనిమిదేళ్ళ తర్వాత, ఈ ఎనభై నాలుగులో, మళ్ళీ ధైర్యం చేసి గుడ్లు తెచ్చుకుంది. పురుగులు బాగా వచ్చాయి. ఒళ్ళు విడవడానికి పురుగు నిద్రపోవడాన్ని మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక పురుగుకు ఉండే ఆకలి ఇంతా అంతా కాదు. సరిగ్గా ఆ వేళకు పక్క చెరకు తోటలో మందు కొట్టారు. గాలి ఇటు తిరిగి రత్నమ్మ తోట మీద పడింది. ఆ ఆకు ఇక పురుగుకు పెట్టడానికి లేదు.

మా దగ్గర ఆకు బదుళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఆకు తీసుకున్నవాళ్ళు ఆకే తిరిగి ఇవ్వాలి. ఎవరు తీసుకున్నారో వాళ్ళే తమ నెత్తిన మోసుకెళ్ళి పురుగుల గదిలో దించాలి. మొదట ఇచ్చినవాళ్ళు దాన్ని తట్టల్లో వేసి "ముట్టింది" అంటారు. అప్పటితో సరి. మా ఇంటి నుంచి ఆ మూడు గంపలు తిరిగి వెళ్ళలేదు. నేను ఒకసారి కూలిమనిషితో పంపితే రత్నమ్మ వెనక్కి పంపింది. ఇంకోసారి నేనే మోసుకెళ్ళినా, ఆకు తీసుకుపోయింది అమ్మ కదా అని తీసుకోలేదు.

ఇప్పుడు వాకిట్లో నిలబడి అంటున్నది:

"అన్నా, నేను బదులు అడుగుతలేను. నాది నాకు ఇయ్యమంటున్న. మూడు గంపలు."

మనోరమ చేతులు కొంగుకు తుడుచుకుంటూ పురుగుల గదిలోంచి వచ్చింది. "రత్నమ్మక్కా, మావి గూడ జ్వరం లేచినయి. మాకే చాలీ చాలకుంట ఉన్నది."

"ఎర్కనే చెల్లె. మీ తోట పక్క నుంచే వచ్చిన. కింది మడి మొత్తం నిలబడే ఉన్నది. దాన్ని ఎండబెట్టి దాచుకుంటరా ఏంది?"

"అబ్బ, నీ కండ్లు..." అని మనోరమ నాలుక కరుచుకుంది.

"అను, అను. నా కండ్ల మీద అనని మనిషెవరున్నరు ఈ గల్లీల? వీరన్న బర్రె పాలియ్యకుంటే నా కండ్లే. చెన్నమ్మ బోరు ఎండినా నా కండ్లే. గంత బలమే ఉంటే రోడ్డు మీద కూసోని వచ్చే లారీ పోయే లారీ టైర్లు చూస్త గదా. మా పీటర్ దందా జోరుగ నడుస్తుండె!"

మనోరమకు నవ్వు ఆగలేదు. నేను కూడా నవ్వాను. అరుగు మీద కూర్చుని వత్తులు చేస్తున్న అమ్మ మాత్రం తల ఎత్తలేదు.

"నేను కోసి తెస్త, పో రత్నమ్మా. ఈ ఒక్కసారి పద్ధతి పక్కన పెట్టు," అన్నాను.

"నువ్వు తెస్తే ఏమంటరో ఎర్కనా అన్నా? బస్వమ్మవ్వ ఇంటి ఆకు పుణ్యాన బతికినయి, లేకుంటే ఆమె చేతిల పురుగులు ఎన్నడన్న బతుకుతయా, అంటరు. వచ్చే మంగళారం పట్టు ఆఫీసాయన తట్టలు చూడనీకి వస్తడు. ఈ పంట పోతే మల్ల గుడ్లు ఇయ్యడు. ఇయ్యకుంటే పోనీ, చెరుకు కొట్టుకుంట. గాని 'చూసిన్రా, ఆమె చెయ్యే అంత' అనే మాట నేను చచ్చేదాక ఇనాలె గదా." అప్పుడు అమ్మ వైపు తిరిగింది. "అవ్వా, తీస్కపోయింది మీరు. పొద్దుగూకే మేత దాక చూస్త. అటెన్క తెచ్చినా తిననీకి అవి ఉండయి."

గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. 

మనోరమ పురుగుల గదిలోకి పోయింది. నేను అరుగు మీద అమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె వత్తులు చేయడం ఆపలేదు.

"ఇయ్యి, నేనొద్దంటున్ననా?" అన్నది నేను అడగకముందే.

"నేనిస్తే తీస్కోదు గదా."

"ఐతే ఊకో."

"ఆకు సంగతి కాదవ్వా. నిన్నొకటి అడగాలె. ఆనాడు నేను పురుగులు గూడు కట్టే చంద్రికలు తేనీకి బీదర్ పోయిన. తెల్లారి మొదటి బస్సుకు దిగి వచ్చేసరికి పురుగులు తలకాయలు పైకెత్తి ఊపుతున్నయి. నోట్లకెళ్ళి ఆకుపచ్చ నీళ్ళు కారుతున్నయి. గదిల సాంబ్రాణి వాసన ఉండె. దేవుని అర్రల వాసనే ఇటు వచ్చిందేమో అనుకున్న. గాని దేవుని అర్ర ఇంటికి ఆ కొసకున్నది."

అమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది.  రోడ్డు మీద బొంబాయి లారీ ఒకటి పోయింది. దాని మోత పూర్తిగా దూరమయ్యాక అన్నది:

"ఇన్నేండ్లల్ల ఎన్నడు అడగలే."

"నువ్వే చెప్తవని చూసిన."

పత్తి పళ్ళెంలో పెట్టింది. "రత్నమ్మ ఒక గంప తానే మోసుకుంట నా ఎంట వచ్చింది. పాపం, నా మెడ నొస్తదని. వచ్చి గదిలకు తొంగి చూసింది. 'అవ్వా, ఇంత లావుగ ఉన్నయేంది, చిటికెన వేలంత!' అన్నది. మంచికే అన్నది. నా గుండెల దడ పుట్టింది. నీ కొడుకు పుట్టినప్పుడు ఎవరన్న చూసి పోతే నేనేం చేస్తుంటి?"

"దిష్టి తీసి పొగ వేస్తుంటివి."

"గదే చేసిన. వీటిని గూడ పిల్లల్లెక్కనే సాకుతున్నం గదా. ఆమె పోయినంక కుంపటి తెచ్చి తలుపెనక మూలకు పెట్టిన. మిరపకాయలు దిప్పి నిప్పులల్ల వేసిన. ఘాటు రాలే. ఒక్క తుమ్ము రాలే, దగ్గు రాలే. మిరపకాయ కాలినా ఘాటు రాకుంటే దిష్టి గట్టిదే అన్నట్టు గదా. మల్లిన్ని వేసిన. సాంబ్రాణి వేసిన, గుగ్గిలం వేసిన, పచ్చి వేపాకు వేసిన. శివా, నీదే భారమని మొక్కిన. పొగ బయటికి పోతే గుణం పోతదని తలుపు సందులల్ల గోనెసంచి కుక్కి, పోయి పండుకున్న."

 ఎనిమిదేళ్ళ నా ప్రశ్నకు జవాబు ఇంత దగ్గర, ఒక కుంపటి దూరంలో ఉందన్నమాట. అమ్మ మీద కోపం వస్తుందేమో అని నాలోకి నేనే చూసుకున్నాను. రాలేదు. ఆ పొగ నడుమ చేతులు జోడించి నిలబడ్డ ఆమే కనబడింది.

"మరి రత్నమ్మ పేరు ఎందుకు చెప్తివి?"

"అబద్ధం చెప్పలే కొడుకా. అప్పుడు నేను నిజంగనే అట్ల అనుకున్న. నా పొగకు గూడ ఆగలేదంటే ఆమె చూపు ఎంత చెడ్డదో అనుకున్న. అందరికి అదే చెప్పిన. ఆ మరుసటేడు పట్టు ఆఫీసు నుంచి కొత్తగ ఒకాయన వచ్చిండు, యాదికున్నదా? పురుగుల గదిల ఊదుబత్తి గూడ ముట్టియ్యొద్దు అన్నడు. పురుగుకు ముక్కుండదు, ఒంటి పక్కలకు తూట్లుంటయి, అండ్లకెళ్ళి ఊపిరి తీస్తది, పొగ పోతే సచ్చిపోతది అని చెప్పిండు. నేను తలుపు కాడ నిలబడి ఇంటున్న. నా చేతిల ఊదుబత్తులు ఉండె."

ఆ రోజు నుంచే అమ్మ పురుగుల గది గడప దాటలేదు. మోకాళ్ళ నొప్పి అని చెప్పేది. మేము నమ్మాం. ఆమెను కూర్చోబెట్టి మనోరమ ఎన్నిసార్లు మోకాళ్ళకు నూనె రాసిందో.

"ఆ దినమే చెప్పాల్సింది, అవ్వా."

"ఎవరికి చెప్పాలె? ఏమని?" మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "శివునికి ఇచ్చే ధూపం అది. ఊపిరున్న జీవాలను సంపింది అని చెప్పాల్నా? గదే పొగ నీకు వేసిన, నీ కొడుక్కు వేసిన. మీరు బతికితే నా పూజ బలం అనుకున్న. ఇవి సస్తే మాత్రం రత్నమ్మ కన్నా? ఆ మాట నోట్లకెళ్ళి వచ్చిందంటే నేను ఇన్నేండ్లు చేసిన పూజ ఏమైతదో అని భయపడ్డ. ఇప్పటికీ అదే భయం."

దీనికి పెద్ద చదువు చదివినవాళ్ళు ఏం చెప్పేవారో నాకు తెలియదు. నేను ఏడో తరగతి దాకా చదివాను. చీమను కూడా తొక్కవద్దని మా పెద్దలు చెప్పారు. అలాంటి ఇంట్లో పిల్లల్లాగా పురుగుల్ని సాకి, అవి గూడు కట్టుకున్నాక మరిగే నీళ్ళకు అమ్ముతున్నాం. ఇదీ నన్ను వేధించే సంగతే. ఆ మాటే అన్నాను.

"అది వేరే ముచ్చట," అన్నది అమ్మ. "అది ఎక్కడనో జరుగుతది. మనం చూస్తమా?"

"చూడకుంటే జరగనట్టేనా?"

"నువ్వు నన్ను తప్పు పట్టనీకి కూసున్నవా, పాపం పుణ్యం లెక్క చూడనీకి కూసున్నవా? ఒక్కటి చెప్పు."

"రెండు కాదవ్వా. ఎండ గడప దిగుతున్నది. అక్కడ రత్నమ్మ పురుగులు ఆకలితోని ఉన్నయి. అవి పోతే ఆమె పేరు ఇగ ఎన్నటికి బాగుపడదు. అది నీకెర్క, నాకెర్క."

"నాకు గూడ ఎర్కనే," అన్నది మనోరమ. ఎప్పుడు వచ్చి నిలబడిందో, తలుపు దగ్గర ఉంది. చేతిలో కొడవలి. "అత్తమ్మా, కింది మడి నేను కోస్త. మనవి ఒక పూట తక్కువ తింటయి, అంతే గదా. మోసుడు మాత్రం మీదే."

"మొయ్యనీకి మెడ ఉండాలె గద పిల్లా, ఈ ఈడుకు."

"మెడకేమైంది? ఇన్నేండ్లు ఎత్తుకునే తిరిగిన్రు గదా," అనేసి మనోరమ తోటలోకి వెళ్ళిపోయింది.

కోడలు ఎప్పుడూ అలా అనలేదు.  అమ్మ కోప్పడుతుందనుకున్నాను. లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, దేవుడి ముందు నిలబడి వచ్చింది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు. కొంగు చుట్టలా చుట్టి నెత్తిన పెట్టుకుంది.

మనోరమ కోసింది, నేను గంపలకెత్తి మీద తడి గోనె కప్పాను. మొదటి గంప అమ్మ నెత్తిన పెట్టినప్పుడు అది ఒక పక్కకు ఒరిగింది. నేను చెయ్యి వేయబోయాను. "ఇడువు," అన్నది. విడిచాను. కొంచెం వెనకగా నడిచాను.

పీటర్ దుకాణంలోంచి చూసి పంపు పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, అవ్వా! ఇటు ఇయ్యి. సైకిల్ మీద పెట్టుకొని ఒక్క నిమిషంల దించొస్త."

"అప్పుడు నీ సైకిల్ మీద తీస్కపోయిన్నా? జరుగు."

"లారీ వాడు గుద్దిండంటే కేసు నా మీద పడ్తది. దుకాణం ముంగటనే గదా!"

"గంప దించినంక గుద్దమను."

పీటర్ పక్కకు జరిగాడు. పాత ట్యూబు ముక్క ఒకటి తీసుకుని రోడ్డు మధ్యకు వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. హైదరాబాదు వైపు నుంచి వస్తున్న లారీ కీచుమని ఆగింది. డ్రైవర్ హిందీలో ఏదో తిట్టాడు. "దో మినిట్, ఉస్తాద్, దో మినిట్," అన్నాడు పీటర్. ఆ ఆగిన లారీ ముందు నుంచి మా అమ్మ, నుదుట విభూతి చెమటకు కరుగుతుండగా, తొందరపడకుండా రోడ్డు దాటింది.

మొదటి గంప రత్నమ్మ గుమ్మం బయట దించింది. రత్నమ్మ ఎదురు రాలేదు. గది లోపల నిలబడి చూస్తున్నది. రెండో గంపకు అమ్మ దారిలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. మూడోదానికి చెన్నమ్మ, ఇంకా గల్లీ ఆడవాళ్ళు పనులు వదిలిపెట్టి వచ్చి గుమ్మం చుట్టూ చేరారు.  ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు.

"బయట దించితే ముట్టినట్టు కాదు," అన్నది రత్నమ్మ లోపలి నుంచి. "గదిల దించాలె. కాళ్ళు కడుక్కోండ్రి."

గుమ్మం పక్కన సున్నపు నీళ్ళ తొట్టి ఉంది. అమ్మ కాళ్ళు కడుక్కుంది. గడప ముందుకు వచ్చి ఆగిపోయింది.

"ఏందవ్వా, రానీకి మనసొప్పుతలేదా? గోడకు సిలువ ఉన్నదనా?"

"సిలువ కాదు బిడ్డా. పురుగులున్నయి."

ఆ మాట రత్నమ్మకు అర్థం కాలేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. అమ్మ కొంగుతో ముక్కూ నోరూ మూసుకుని, తన ఊపిరి కూడా తగలకూడదన్నట్టు, గడప దాటింది. ఒక్కొక్క గంపే లోపలికి లాగి తట్టల పక్కన పెట్టింది. పురుగులు ఖాళీ తట్టల్లో అటూ ఇటూ తలలు తిప్పుతూ వెతుకుతున్నాయి. కొన్ని అంచు దాకా పాకి వచ్చాయి. ఆకలి అని చెప్పడానికి వాటికి అంతకంటే మాట లేదు.

"రత్నమ్మా, నీకొక ముచ్చట చెప్పాలె," అన్నది అమ్మ. "ఆనాటిది. ఈ గల్లోళ్ళు గూడ ఇనాలె."

రత్నమ్మ అప్పటికే ఆకు తీసి పరుస్తున్నది. తల తిప్పలేదు. "ముందు ఇవి తిననియ్యండ్రి అవ్వా. ఏ ముచ్చటైనా ఇవి తిన్నంకనే."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. రత్నమ్మ తొందర పడలేదు. ఆకును చేత్తో విదిలించి, పసుపెక్కింది పక్కన పడేసి, పురుగుల మీద బరువు పడకుండా పలచగా పరిచింది. ఒక తట్ట అయ్యాక ఇంకో తట్ట. పచ్చదనం కిందికి పురుగులు మునిగిపోయి, మళ్ళీ ఒక్కొక్కటే ఆకు అంచులు కోసుకుంటూ పైకి వచ్చాయి. బయట చెన్నమ్మ ఏదో అడగబోతే పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది.

మూడో గంప అడుగున మిగిలిన ఆకు కూడా వేసేసి, రత్నమ్మ ఖాళీ గంప పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అందరికీ వినబడేలా అన్నది:

"ముట్టింది. మూడు గంపలు ముట్టినయి."

గంప అమ్మ చేతికి అందించింది. "నా ముచ్చట ఇంకా కాలే," అని అమ్మ దాన్ని తీసుకోలేదు. గల్లీ ఆడవాళ్ళకు ఎదురుగా రత్నమ్మ గడప మీద కూర్చుని, జారిన కొంగు తల మీదికి సర్దుకుంది.